తాండూరు బండల మీద కాంటెస్సా: ఇంటి ముంగిట్లో ఇంజన్ మార్చుకునే పద్ధతి

కాంటెస్సా అసలు స్పోర్ట్స్ కారేనా అని అడిగితే నేను వాదించను. నాలుగు తలుపులు ఉన్నాయి, వెనుక సీటులో ముగ్గురు హాయిగా పడతారు, బంధువులు పెళ్లికొడుకు ఊరేగింపుకు అడిగి మరీ తీసుకెళ్తారు. కానీ ఆ పొడవాటి బానెట్, వెనుక చక్రాలను తిప్పే అమరిక, నిలబడి ఉన్నప్పుడే ముందుకు దూకబోతున్నట్టుండే వాలకం చూస్తూ పెరిగిన మా తరానికి అంతకు మించిన కారు లేదు. 1984లో హిందుస్తాన్ మోటార్స్ దీన్ని తెచ్చినప్పుడు, బ్రిటన్ కార్ల కంపెనీ వాక్స్‌హాల్ వారి శరీరంలో (అంటే కారు బాడీలో) అంబాసిడర్‌కు వాడే 1489 సీసీ ఇంజన్‌నే పెట్టింది. సుమారు 50 హార్స్‌పవర్. ఏనుగు దాహానికి చూరునీళ్లు. ఆ దశాబ్దం ముగిసేలోగా కంపెనీకే తత్వం బోధపడి, జపాన్ ఇసుజు వారి 1817 సీసీ ఇంజన్‌ను అయిదు గేర్లతో సహా అదే శరీరంలో కూర్చోబెట్టింది.

మొదటి రకం కారులోకి రెండో రకం ఇంజన్‌ను హనుమకొండలో మా ఇంటి పోర్టికోలోనే ఎక్కించాను. మీరు ఎలా ఎక్కించుకోవచ్చో వరుసగా చెబుతాను. సంక్రాంతి తరువాత మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించాలనుకున్నాను. ఇంజన్ తొలిసారి పలికింది బతుకమ్మ పేర్చే రోజుల్లో. మీరు వేసుకునే గడువును ముందే రెండింతలు చేసుకోండి.

మొదటి మెట్టు: ఏ ఇంజన్

వీడియోలు చూస్తే ప్రతి ఇంజనూ కావాలనిపిస్తుంది. నా సలహా ఒక్కటే. ఆ శరీరానికి కంపెనీయే ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చిన ఇంజన్‌ను ఎంచుకోండి. సంబంధం లేని ఇంజన్ తెస్తే దాని ఆయిల్ చాంబర్ ముందు క్రాస్ మెంబర్‌కు, అంటే కింద అడ్డంగా ఉండే ఇనుప దూలానికి, తగులుతుంది, గేర్ రాడ్డు సీటు దగ్గరికి వచ్చేస్తుంది, ఎగ్జాస్ట్ గొట్టం స్టీరింగ్‌కు ఆనుతుంది. ఒక్కో చిక్కుకు శరీరాన్ని ఒక్కో చోట కోయాలి. మాకు తెలిసిన లేత్ మేస్త్రికి ఇలాంటి ఆలోచన ఒకటి చెబితే, చేతిలోని ముక్క కింద పెట్టకుండానే, "సార్, కోయడం అయిదు నిమిషాల పని. కోసినచోట ముందున్న బలం మాత్రం నేను తేలేను" అన్నాడు. అప్పటి నుంచి నా నియమం అదే: విప్పాలి, బిగించాలి, కోయకూడదు. రేపు కావాలంటే కారు పాత స్థితికి వెళ్లగలగాలి.

ఇసుజు 1.8 ఇంజన్ రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి తరువాతి కాంటెస్సాలు, రెండోది తొంభైలలో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్. అంబాసిడర్ నుంచి తెస్తే ఇంజన్ పనికివస్తుంది కానీ దాన్ని పట్టి నిలిపే బ్రాకెట్లు, గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాలకు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మరో శరీరానికి చేసినవి. అందుకే తుప్పు తిని శరీరం పోయిన 1.8 కాంటెస్సానే మొత్తంగా కొనడం మేలు. విడి ఇంజన్ కొని, ఆపైన రేడియేటర్ కోసం ఒక ఊరు, క్లచ్ లింకేజీ కోసం మరో ఊరు తిరిగితే ఖర్చు కారు ధర దాటుతుంది. ఇంజన్ ఆనే ఫౌండేషన్ రబ్బర్లు, బ్రాకెట్లు, గేర్‌బాక్స్ కింది అడ్డపట్టీ, వైరింగ్, ఫ్యాన్ కవరు, ఆక్సిలేటర్ కేబుల్: ఇవన్నీ మీ ముందే విప్పించి తెచ్చుకోండి. విరిగినవి కూడా. కొత్తది చేయించాలన్నా నమూనా కావాలి కదా.

రెండో మెట్టు: పానా పట్టే ముందు కాగితాలు

ఇది విసుగు పుట్టించే భాగం. దాటేసినవాళ్లే తరువాత ఎక్కువ ఏడుస్తారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా కారును మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కాబట్టి ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి, ఏ ఇంజన్ తీసి ఏది పెట్టదలిచారో రాతపూర్వకంగా అడగండి. అదే నమూనాకు కంపెనీయే ఇచ్చిన ఇంజన్ అని ఆధారం చూపగలిగితే మీ మాటకు బలం ఉంటుంది. అయినా అనుమతి వస్తుందని ముందే అనుకోకండి. కాదంటే ఆ కారు రోడ్డెక్కకూడదు, అంతే. దాత కారు (ఇంజన్ తీసుకున్న కారు) ఆర్‌సీ నకలు, ఇంజన్ నంబరు వేసిన బిల్లు భద్రం చేయండి. నంబరు గీకేసిన ఇంజన్‌ను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పని పూర్తయ్యాక ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకుని, బీమా కంపెనీకీ తెలియజేయాలి. లేకుంటే ప్రమాదం జరిగిన రోజున ఆ పాలసీ చిత్తుకాగితమే.

ఇంకొకటి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉన్న కార్లకు 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. ఇంజన్ మార్చిన కారుకు ఆ హోదా రాదు. 1984 కాంటెస్సాకు 2034లో యాభై నిండుతాయి. అందుకే దించిన పాత ఇంజన్‌ను ఇనుప సామానుకు వేయకండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి సిలిండర్లలోకి తలా రెండు చెంచాల ఆయిల్ పోసి, అన్ని రంధ్రాలూ మూసి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి చెక్క మీద పెట్టండి. మాది మెట్ల కింద ఉంది. ఇంట్లోవారు దాని మీద బియ్యం బస్తా పెట్టుకుంటున్నారు.

మూడో మెట్టు: దాత ఇంజన్‌ను పరీక్షించడం

నడుస్తున్న ఇంజన్‌నే కొనండి. చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే అది వేడిగా ఉంటే అనుమానించండి. ఆయిల్ మూత తిప్పి చూడండి. పాల మీగడలాంటిది అంటుకుని ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నట్టు. నీలి పొగ ఆయిల్ కాలుతోందని, వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెబుతాయి.

తరువాత కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల పిస్టన్ పుట్టించే ఒత్తిడి. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కరెంటు ఆపి, ఆక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి అయిదారు చుట్లు తిప్పండి. వచ్చిన అంకె కన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. పది శాతం లోపు ఉంటే మంచిదే. ఒకటి పడిపోతే అందులో చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె లేస్తే రింగులు అరిగాయి, లేవకపోతే వాల్వులు కూర్చోవడం లేదు. రెండూ బాగుచేయదగ్గవే, కానీ ధర మాట్లాడే ముందు తెలియాలి.

ఇంజన్ బయట ఉన్నప్పుడే మార్చాల్సినవి మార్చేయండి: క్రాంక్ ముందు వెనుక ఆయిల్ సీళ్లు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ చివర ఉండే పైలట్ బేరింగ్. వెనుక సీలు దగ్గర నేను పొదుపు చేశాను. నాలుగు వందల రూపాయల వస్తువు కోసం గేర్‌బాక్స్ మళ్లీ దించాను.

నాలుగో మెట్టు: చోటు, సామాను

మన ఇళ్ల ముందు పరిచే తాండూరు బండల గురించి ఏ పుస్తకంలోనూ రాయరు. బండ కింద ఇసుక గుల్లగా ఉంటే జాక్ స్టాండు కాలు దిగి బండ పగులుతుంది, కారు ఒరుగుతుంది. ప్రతి స్టాండు కిందా మందపాటి ప్లైవుడ్ పలక రెండు పొరలుగా వేయండి. నూనె పడితే ఆ బండలు జారుడుబల్లలు, కాబట్టి రంపపు పొట్టు బస్తా ఒకటి పక్కనే ఉంచుకోండి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి ఎవరూ వెళ్లకూడదు, ఒక్క నిమిషానికైనా సరే.

ఇంజన్ లేపడానికి పోర్టికో స్లాబులోని ఫ్యాన్ కొక్కేన్ని వాడేవారిని చూశాను. అది ఫ్యాను బరువు మోయడానికి పెట్టింది. గేర్‌బాక్స్‌తో కలిపిన ఇంజన్‌కు కనీసం రెండు వందల కిలోలని లెక్కవేసి ఏర్పాట్లు చేయాలి. మన దగ్గర దీనికి చక్కని దారి ఉంది. బోరు మోటార్లు దించేవారి మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ రోజు అద్దెకు దొరుకుతాయి. పుల్లీ మీద టన్ను అని రాసి ఉండాలి. మూడు కాళ్లనూ కింద గొలుసుతో కలిపి కట్టండి, లేకపోతే బరువు పడగానే బండల మీద కాళ్లు విచ్చుకుంటాయి.

పానాలు, గోటీల సెట్టు, బోల్టును కొలిచి బిగించే టార్క్ రెంచ్ కావాలి. మంటలార్పే సిలిండర్ మొదటి రోజే తేవాలి. ఇక మూతలున్న డబ్బాలు. హనుమకొండలో ఇది శుభ్రత కోసం కాదు, కోతుల కోసం. చీటీ రాసి పెట్టిన బోల్టుల సంచిని ఒకటి తీసుకుపోయి ఎదురింటి వాటర్ ట్యాంకు మీద కూర్చుని ఒక్కొక్కటే కొరికి చూసింది. ఆరింటిలో నాలుగు దొరికాయి.

అయిదో మెట్టు: పాతది దించడం

బ్యాటరీ నెగటివ్ తీగ మొదట. తరువాత ట్యాంకులో పెట్రోలు, రేడియేటర్ నీళ్లు, ఇంజన్ ఆయిల్ దించండి. బానెట్ కీళ్ల చుట్టూ పెన్సిలుతో గీత గీసి ఇద్దరు కలిసి తీయండి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీతే దారి. ప్రతి తీగకూ, ప్రతి గొట్టానికీ రెండు వైపులా ఒకే అంకె వేసిన టేపు చుట్టి ఫోటో తీయండి. గుర్తుంటుందిలే అనుకున్నది ఏదీ గుర్తుండదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు కలిసే చోట బోల్టులతో బిగించిన రెండు ఫ్లేంజ్‌ల (పళ్లేల) మీదుగా ఒక రంగు గీత లాగండి. గేర్‌బాక్స్ వెనుక రంధ్రానికి గుడ్డ కుక్కి కవరు కట్టకపోతే, ఇంజన్ ఏటవాలుగా లేచేటప్పుడు గేర్ ఆయిల్ మొత్తం మీ కాళ్ల మీద. ఎగ్జాస్ట్, స్టార్టర్, క్లచ్, స్పీడో కేబుల్, భూమి తీగ (ఎర్త్ వైరు) అన్నీ విడదీశాక, పుల్లీ మీద బరువు కాస్త ఆనేదాకా లాగి, చివరగా ఫౌండేషన్ బోల్టులు తీయండి. ముందు భాగం పైకి, గేర్‌బాక్స్ తోక కిందికి ఉండేలా వంచి, ఒక్కో అంగుళమే లేపుతూ ప్రతిసారీ చుట్టూ చూడాలి. ఎక్కడైనా పట్టేస్తే బలం వాడకండి. ఏదో ఒకటి విప్పడం మరచిపోయారన్నమాట. నా విషయంలో అది భూమి తీగ.

ఆరో మెట్టు: కూర్చోబెట్టడం

ఖాళీ అయిన గదిని డీజిల్‌తో కడిగి, తుప్పు గీకి, ప్రైమర్ వేయండి. చాసిస్ చివరల్లో పగుళ్లు ఉంటే ఇప్పుడే కనిపిస్తాయి.

కొత్త బ్రాకెట్లను ముందు వదులుగా బిగించి, ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ దించి, అన్ని వైపులా ఖాళీ చూశాకే గట్టిగా బిగించాలి. స్టీరింగ్ ఒక చివర నుంచి మరో చివర వరకు తిప్పండి. చేతి వేలు దూరనిచోట ఇంజన్ ఊగినప్పుడు తగులుతుంది. క్లచ్ ప్లేటును నడిమికి తేవడానికి పాత గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కను వాడవచ్చు, అయితే పళ్ల లెక్క ఈ ప్లేటుకు సరిపోవాలి. గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలిపేటప్పుడు దాని బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడకూడదు, ప్లేటు వంగుతుంది. గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు డొప్ప, అదే బెల్ హౌసింగ్, ఇంజన్‌కు దానంతటది ఆనాలి. బోల్టులతో దగ్గరికి లాగడం తప్పు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కారు నాలుగు చక్రాల మీద నిలబడ్డప్పుడే కొలవాలి, స్టాండ్ల మీద కాదు. స్టాండ్ల మీద వెనుక యాక్సిల్ వేలాడి కొలత మారిపోతుంది. షాఫ్ట్‌కు గేర్‌బాక్స్‌లోకి జారే కొన పూర్తిగా లోపలికి పోయాక ఒక అంగుళం వెనక్కి రానిచ్చి ఆ పొడవుకు షాఫ్ట్ చేయించండి. దాత షాఫ్ట్ సరిగ్గా సరిపోతే అదృష్టమే. గేర్‌బాక్స్ చివర, వెనుక యాక్సిల్ నడుమ ఉండే డిఫరెన్షియల్ ముక్కు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఫోనులోని వాలు కొలిచే అప్లికేషన్‌తో చూస్తే చాలు. షాఫ్ట్ రెండు చివరల జాయింట్ల దగ్గర కోణం ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తేడా ఉంటే అరవై దాటగానే సీటు కింద గిరగిర మొదలవుతుంది. దానికి గేర్‌బాక్స్ అడ్డపట్టీ కింద పలచని రేకులు వేసి సరిచేయాలి. షాఫ్ట్ పొడవు మారితే బ్యాలెన్సింగ్ తప్పదు.

ఏడో మెట్టు: చల్లదనం

వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఆగిన పాత కారును ఊహించుకోండి. ఈ మార్పిడి నిలిచేదీ ఓడేదీ అక్కడే. పెద్ద ఇంజన్‌కు పాత చిన్న రేడియేటర్ చాలదు. దాత కారుదే తెచ్చి రేడియేటర్ మేస్త్రి దగ్గర పై ట్యాంకు విప్పించి, గొట్టాల్లో కమ్మీ ఆడించి శుభ్రం చేయించండి. రాగి, ఇత్తడి రేడియేటర్లతో ఉన్న సుఖం అదే, ఎన్నిసార్లయినా విప్పి అతకవచ్చు.

మన బోరు నీళ్లు అందులో పోయకండి. వేడినీళ్ల గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర మీకు తెలుసు కదా, అదే ఇంజన్ లోపలా పేరుకుంటుంది. బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు), కూలెంట్ సగం సగం పోయాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు అలంకారం కాదు. అది లేకపోతే ఫ్యాను ముందున్న గాలిని లాగకుండా పక్కనున్న వేడిగాలినే తిప్పుతుంది.

ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ గురించి నాకూ చాలామంది మెకానిక్కులకూ పడదు. "మన ఎండలకు అది ఎందుకు సార్, తీసేయండి" అంటారు. తీసేస్తే జనవరి ఉదయాల్లో ఇంజన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది, చిక్కగా పడే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. వేడెక్కడానికి కారణం థర్మోస్టాట్ చెడిపోవడం అయితే కొత్తది వేయాలి, అంతేకానీ తీసి పారేయకూడదు. కారు ఆగినప్పుడు మాత్రమే వేడెక్కితే గాలి చాలడం లేదు, ఫ్యానూ కవరూ చూడండి. హైవే మీద వేగంలో వేడెక్కితే నీళ్లు తిరగడం లేదు, రేడియేటర్ గొట్టాలు చూడండి.

ఎనిమిదో మెట్టు: పెట్రోలు, తీగలు, బ్రేకులు

కార్బురేటర్ ఉన్న ఇసుజు ఇంజన్ అయితే పని సులువు. ఇంజెక్షన్ రకమైతే ఎక్కువ ఒత్తిడి పంపు, దానికి తగిన గొట్టాలు, ట్యాంకుకు తిరుగు గొట్టం, కంప్యూటర్ పెట్టె అన్నీ కావాలి. మొదటిసారి చేసేవారు కార్బురేటర్‌తోనే ఆగితే మంచిది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ముప్పై ఏళ్ల నాటి రబ్బరు గొట్టాలు అందులో ఉబ్బి పగులుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు అడిగి కొనండి. కార్బురేటర్ కిట్టులోని రబ్బర్లు కూడా.

ఇంజన్ నుంచి శరీరానికి వెళ్లే భూమి తీగ లావుగా, కొత్తగా ఉండాలి. అది వదులైతే స్టార్టర్ లాగే కరెంటు దారి వెతుక్కుంటూ ఆక్సిలేటర్ కేబుల్ గుండా పోతుంది. కేబుల్ పొగలు కక్కుతుంటే కేబుల్‌ను తిట్టకండి. ప్రతి కొత్త తీగకూ ఫ్యూజు పెట్టండి. పాత టేపు చుట్టలను నమ్మకండి.

బలం పెరిగిన కారు ఆగడం కూడా నేర్చుకోవాలి. పెడల్ తొక్కితే బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్ కిట్టు, రబ్బరు గొట్టాలు, బ్రేకు నూనె పూర్తిగా కొత్తవి. నూనె గాలిలోని తేమను తాగుతుంది కాబట్టి నిరుడు తెరిచిన సీసా వాడవద్దు. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. స్టీరింగ్ కుడివైపు ఉన్న మన కార్లలో ఎడమ వెనుక, కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు.

తొమ్మిదో మెట్టు: పలికించడం

ప్లగ్గులు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా స్టార్టర్‌తో విడతలవారీగా తిప్పండి. విడతకు పది సెకన్లు చాలు. ఆయిల్ పైకి చేరాకే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి. ఒకరు స్టీరింగ్ దగ్గర, ఒకరు మంటలార్పే సిలిండర్‌తో బానెట్ పక్కన. పలికిన మొదటి నిమిషంలో చెవులు కాదు, కళ్లు పనిచేయాలి: ఎక్కడ కారుతోంది, ఎక్కడ పొగ వస్తోంది. ఇరవై నిమిషాలు నిదానంగా నడిపి, ప్లగ్గు ఏ క్షణంలో మెరుస్తోందో చూపే టైమింగ్ లైటుతో గుర్తు సరిచూసి, ఆపి, పూర్తిగా చల్లారాక నీళ్లు మళ్లీ నింపండి. వేడి రేడియేటర్ మూత తీస్తే చేతులు కాలడం ఖాయం.

ఆర్‌సీ కాగితం చేతికొచ్చాక మొదటి రోజు వీధి చుట్టూ అయిదు కిలోమీటర్లు. ఇంటికొచ్చి అన్ని బోల్టులూ మళ్లీ పట్టి చూడండి, సగం వదులయి ఉంటాయి. తరువాత ధర్మసాగర్ దాకా. అది గడిచాక ములుగు రోడ్డు పట్టి పాలంపేట రామప్ప గుడి దాకా వెళ్లి రావడం మంచి పరీక్ష. నగర రద్దీ, తెరిపైన హైవే, పల్లె దారి మూడూ దొరుకుతాయి. ఇంజన్‌ను ఒకే వేగంలో కాకుండా ఎక్కువ తక్కువలుగా నడపండి. ఐదు వందల కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

ప్రతి రాత్రీ కారు కింద వెడల్పాటి అట్టముక్క పరచండి. పొద్దున్నే చూస్తే అదే రోగం చెబుతుంది. నల్లటి పలచని చుక్క ఇంజన్ ఆయిల్, చిక్కగా ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, ఆకుపచ్చగా తియ్యటి వాసన ఉంటే కూలెంట్, రంగు లేకుండా వేళ్లకు జారితే బ్రేకు నూనె. చివరిది కనిపించిన రోజున కారు తీయవద్దు.

మా పోర్టికోలో అట్ట ఇంకా తీయలేదు. గేర్‌బాక్స్ తోక సీలు నుంచి వారానికి ఒక్క చుక్క పడుతోంది. సీలు కొని పెట్టాను, స్టాండ్ల కింద వేసే ప్లైవుడ్ పలకలను మాత్రం ఇంట్లోవారు తులసికోట పక్కన మొక్కల కుండీల కింద వాడేశారు.